అత్తగారు సర్దిన గోడ

మా అత్తగారికి ఏదైనా వంకరగా కనిపిస్తే నిద్ర పట్టదు. ఎవరింటికైనా భోజనానికి వెళితే ముందు వాళ్ళ గోడ మీద పటాలు సరిచేసి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చుంటుంది. ఆ ఇంటివాళ్ళ మొహాల వంక చూసి నవ్వు పులుముకోవడం నా వంతు.

నా ఉద్యోగం పాత కట్టడాలను లేజర్ స్కానర్‌తో కొలవడం. మూడు కాళ్ళ స్టాండు మీద ఆ పెట్టె నెమ్మదిగా తిరుగుతూ గోడల్నీ, కప్పునీ, పగుళ్ళనీ పట్టుకుంటుంది. ఒక్కో చోటి నుంచి తీసిన కొలతల్ని ఒకదానితో ఒకటి అతకడానికి గోడల మీద నలుపు తెలుపు గళ్ళ కాగితాలు అంటిస్తాం. వాటిని గుర్తులంటాం. అవి కదలకూడదు. అవి కదిలితే గోడే కదిలినట్టు లెక్క.

ఈసారి పని మా ఊరి పాత నాటకశాలలో పడింది. కప్పు కారీ కారీ వేదిక పక్క గోడ ఉబ్బింది. అది అలాగే నిలిచి ఉందా, ఇంకా జరుగుతోందా అన్నదే ప్రశ్న. నిలిచి ఉంటే మరమ్మతు చేస్తారు, జరుగుతుంటే కూల్చేస్తారు. ఆ వేదిక వెనక గదిలోనే మా అత్తగారు జీవితమంతా రాజులకూ దొంగలకూ బట్టలు కుట్టింది. అందుకే నాకు భోజనం తెచ్చే నెపంతో రోజూ వచ్చేది. నేను తింటున్నంతసేపూ హాలంతా కలయతిరిగి, "బూజు చూడు, బూజు!" అని విసుక్కునేది. ఆ బూజు నేనే పట్టించినట్టు.

మొదటిసారి కొలిచిన వారానికి రెండోసారి కొలిచి, స్క్రీను చూశాను. గోడ అడుగుభాగం బొటనవేలంత జరిగింది. మళ్ళీ మళ్ళీ లెక్క చూసుకున్నా అదే జవాబు. ఈ పని అప్పగించిన ఇంజనీరుకి చెప్పక తప్పలేదు. ఆయన పెదవి విరిచాడు.

"ఇక లాభం లేదు. సాయంత్రం నాటకశాల కమిటీలో కూల్చమనే చెప్తాను."

మధ్యాహ్నం డబ్బా మూత కూడా తీయకుండా కూర్చున్నాను. అత్తగారు మాత్రం మంచి హుషారుగా ఉంది.

"ఏమిటమ్మాయ్, మొహం అలా వేలాడేశావు?"

"గోడ జరిగిందత్తయ్యా. కూల్చేస్తారట."

ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"నేను అంటించిన కాగితాలే అన్నాయి. కింది వరస మొత్తం జరిగింది."

"ఓస్, అదా!" ఆవిడ హాయిగా ఊపిరి తీసుకుంది. "అవి నేను సర్దానే పిల్లా. ఒకటి ఎగుడు, ఒకటి దిగుడు. చూడలేక ఊడదీసి, దుమ్ము తుడిచి, వరసగా అంటించాను. పైవి నాకు అందలేదు గానీ, లేకపోతే వాటినీ సర్దేదాన్నే. నువ్వు చూసి మెచ్చుకుంటావనుకున్నాను."

ఆ కాగితాలు మునుపటికంటే అందంగా ఉన్నాయని గమనించనిది నేనే. అయినా కోపం ఆగలేదు.

"మీరు కాగితాలు సర్దలేదత్తయ్యా, మీ నాటకశాలకి మరణశాసనం రాశారు!"

ఆవిడ మొహం పాలిపోయింది. సాయంత్రం నా వెంటే కమిటీ గదికి వచ్చి తలుపు దగ్గర కూర్చుంది.

కమిటీ గదిలో నేను లేచి, గుర్తుల్ని ఎవరో కదిపారని, మళ్ళీ కొలవనివ్వమని అడిగాను. పెద్దావిడని పదిమందిలో నిలబెట్టడం ఇష్టం లేక ఎవరో అనే అన్నాను. ఇంజనీరు నవ్వాడు.

"పని చెడగొట్టుకున్నవాళ్ళంతా ఎవరో కదిపారనే అంటారండీ. ఈవిడ మళ్ళీ కొలిస్తే మాత్రం ఎలా నమ్మాలి?"

తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది. అత్తగారు లేచి నిలబడింది.

"ఆ ఎవరో నేనేనండీ. తప్పు నాది. దీని పనికి వంక పెట్టడానికి లేదు. పెళ్ళైన నాటి నుంచీ వంక పెట్టాలనే చూస్తున్నదాన్ని, నాకు తెలియదా?"

గదంతా గొల్లున నవ్వింది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట నేను విన్న మొదటి మెప్పు అది, అదీ పరాయివాళ్ళకి చెప్పింది. ఇంజనీరు కూడా మెత్తబడి, మర్నాడు తన కళ్ళముందే కొలవమన్నాడు.

ఈసారి కాగితాల జోలికి పోలేదు. ఎవరూ సర్దలేని వాటిని పట్టుకున్నాను: నేల బండల మూలలు, ఎదుటి గోడ రాతి అంచులు. వాటి ఆధారంగా మొదటి స్కాన్ మీద కొత్త స్కాన్ వేస్తే, పగుళ్ళతో సహా అతికినట్టు కూర్చున్నాయి. గోడ వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఇంజనీరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, మరమ్మతుకి సరేనన్నాడు.

అత్తగారు బయట మెట్ల మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

"కదల్లేదత్తయ్యా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి భోరుమంది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

ముక్కు తుడుచుకుని, "ఒక్కసారి నా కుట్టుగది చూసుకుంటాను. రానిస్తావా?" అని అడిగింది.

"చేతులు కట్టుకుని వస్తానంటే రండి."

ఆవిడ నిజంగానే చేతులు కట్టుకుని, నాకంటే ముందు లోపలికి నడిచింది.