అజెనోర్ పేరు రాసిన గిన్నె

కెంపెర్ ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళకీ సొంత పింగాణీ గిన్నె ఒకటుంటుంది. అటొక చెవి, ఇటొక చెవి, అంచు చుట్టూ నీలం గీత, దాని కింద చేత్తో రాసిన పేరు. పొద్దున కాఫీ అందులోనే తాగాలి. ఇంకొకళ్ళ గిన్నెలో తాగితే వాళ్ళ బ్రష్షుతో పళ్ళు తోముకున్నంత పని.

అలాంటి గిన్నెని శనివారం సాయంత్రం కడుగుతూ కడుగుతూ జారవిడిచి విరగ్గొట్టింది అనాయిగ్. అదీ ఎవరిది? అత్తగారు అజెనోర్‌ది! ఎనభై రెండేళ్ళావిడ, ఆదివారం చర్చి అవగానే పదకొండింటికల్లా వీళ్ళింటికి కాఫీకి దిగిపోతుంది. పెళ్ళైన కొత్తలో అనాయిగ్ ఒక్కటంటే ఒక్క ప్లేటు పగలగొట్టింది. "నీ చేతుల్లో ఎముకల్లేవా అమ్మాయ్?" అంది ఆవిడ. ముప్పై ఏళ్ళయినా ఆ మాట మానలేదు. ఈ సంగతి గాని తెలిసిందా, ఇంకో ముప్పై ఏళ్ళకి సరిపడా సరుకు దొరికినట్టే!

కొత్తది రాయిద్దామంటే కుండలవాళ్ళు రెండు వారాలన్నారు. అందుకే ఆదివారం పది గంటలకి ఏటి ఒడ్డున పాత సామాన్ల సంతకి పరిగెత్తింది. గుల్వెన్ అనే ముసలాయన దుప్పటి మీద గిన్నెలు గుట్టగా పోసి కూర్చున్నాడు. కోరెంతిన్, సోయిజిక్, టుగ్దువాల్... ఒక్కోటీ తిప్పి చూస్తుంటే గుట్ట అడుగున, అమ్మ బాబోయ్, అజెనోర్!

గుండె గంతులేసింది. కానీ మొహంలో కనపడితే రేటు పెంచేస్తాడుగా! తుప్పు పట్టిన కాఫీ మర ఒకటి తీసి తిప్పుతూ, "ఈ గిన్నె ఎంత?" అంది, ఏమీ పట్టనట్టు.

"ముందు బోంజూర్ అని పలకరించమ్మా," అన్నాడు గుల్వెన్.

"బోంజూర్, బోంజూర్. ఎంత?"

"అయిదు యూరోలు. కానీ ఆ పేరున్న మనిషికే ఇస్తా. ఊరికే ఇస్తే పట్టుకెళ్ళి అందులో మొక్కలు పెడుతున్నారు, పాపం కాదూ? మీ పేరేంటి?"

"అజెనోర్!" అనేసింది అనాయిగ్.

"అబ్బో! ఎప్పట్నించీ?" అని వెనకాల నుంచి ఓ గొంతు.

అత్తగారే! నెత్తిన చర్చి రుమాలు, చేతిలో సంచీ. ఆవిడ గిన్నెని చూసింది, కోడల్ని చూసింది, మళ్ళీ గిన్నెని చూసింది. మొత్తం అర్థమైపోయింది. మూతి ఒక పక్కకి వంకరపోయింది.

"బోంజూర్ అత్తయ్యా!" అంది ఎనభై రెండేళ్ళావిడ.

గుల్వెన్ నోరు తెరిచాడు. "ఈవిడ మీకు అత్తా?"

"మరే! నేను కోడలు అనాయిగ్‌ని. మా మావగారికి ఈవిడ రెండో పెళ్ళాంలెండి."

"మావగారు గట్టివాడే!"

అనాయిగ్‌కి ఎక్కడలేని ధైర్యం వచ్చేసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం కోడలా, చర్చిలో ఉండాల్సినదానివి, సంతలో ఏం పని?"

"ఫాదర్ ప్రసంగం ఎత్తుకోగానే జారుకున్నానత్తయ్యా, ఎవరికీ చెప్పకండి." అంటూ గిన్నె అందుకోబోయింది ఆవిడ.

"ముట్టుకోకు! నీ చేతుల్లో ఎముకల్లేవు!"

"ముప్పై ఏళ్ళుగా అదే మాట. మీకు విసుగైనా రాదా అత్తయ్యా?"

"వస్తుందే తల్లీ. నోటికి అలవాటైపోయింది, మానలేక చస్తున్నా!"

అంతే, ఇద్దరూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని ఒకటే నవ్వు. రుమాలు జారి మెళ్ళోకొచ్చింది. పక్క కొట్టువాళ్ళు లేచి చూశారు. "ఇలాంటి అత్తాకోడళ్ళని నేనెక్కడా చూళ్ళేదు, మూడే ఇవ్వండి," అంటూ గుల్వెన్ గిన్నెకి పాత పేపరు చుట్టాడు. పొట్లం ముసలావిడే లాక్కుంది.

వంతెన మీదకొచ్చాక ఆగింది. "ఇంతకీ ఏ చెవి విరిగిందే?"

"రెండూ, అత్తయ్యా."

"రెండూనా!" ఆవిడ వంతెన కమ్మీలు పట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. నవ్వీ నవ్వీ ఊపిరాడక, పొట్లం తీసి కోడలి చేతుల్లో పెట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ ముందు నడిచింది.