పరంజా నీడ

పై వరస ముడి విప్పుతూ ముసలాయన వెదురుబొంగుని మోకాలితో అదిమిపట్టాడు. పరంజా కట్టేటప్పుడు కిందనుంచి పైకి, విప్పేటప్పుడు పైనుంచి కిందికి. నలభై ఏళ్ళుగా అంతే. రెండు చుట్లు, ఒక మెలిక, కొసని లోపలికి దోపడం. ఆ ముడి ఏనుగు లాగినా జారదు, ఆయన బొటనవేలు తగిలితే మాత్రం చెప్పినమాట విన్నట్టు వదులైపోతుంది. ఆ వేలికి గోరు ఎప్పుడో పోయింది. అరచేతిలో తాడు గీసిన గీతలేవో, పుట్టుకతో వచ్చిన గీతలేవో చెయ్యి చూసేవాడికి కూడా అంతుపట్టదు.

ఊళ్ళో ఆయన ఎక్కని ఎత్తు లేదు. ఆస్పత్రి, సినిమాహాలు, ఇప్పుడీ లైబ్రరీ పక్కగోడ. కానీ పరంజావాడు ఎంత బాగా పనిచేస్తే అంత శుభ్రంగా మాయమైపోవాలి. రిబ్బను కత్తిరించేవేళకి ఆయన ఇంకెక్కడో ఇంకో గోడకి వేలాడుతుంటాడు. మీ తాతయ్య ఏం కట్టాడమ్మా అని బళ్ళో టీచరడిగితే, చూపించడానికి ఒక్కటీ లేక మనవరాలు "మా తాతయ్య విప్పుతాడండీ" అందట. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ మాట మాత్రం కాల్లో ముల్లులా ఉండిపోయింది.

ఈ గోడ దగ్గర మాత్రం మూడు నెలలుగా ఆయనకి అంతా వింతే. రోజూ సాయంత్రం నాలుగింటికి ఇరవైమంది పిల్లలు, పదహారూ పదిహేడేళ్ళవాళ్ళు, బిలబిలమంటూ వచ్చి ఎక్కేవాళ్ళు. మేడలవాళ్ళు, రేకుల షెడ్లవాళ్ళు, హాస్టలువాళ్ళు, బధిరుల బడినుంచి ఇద్దరు అన్నదమ్ములు. మీ ఇంట్లో ఎవరివో ఒకరి చేతులు ఈ గోడ మీద గీయండి అని మాత్రమే చెప్పింది బొమ్మల టీచరమ్మ. మొదట్లో ఒకరి రంగుడబ్బా ఒకరు ముట్టుకోలేదు. అయితే అంత ఎత్తున గాలి హోరులో అరుపులు వినపడవు కదా, ఆ అన్నదమ్ములు మాత్రం చేతులూపుకుంటూ హాయిగా కబుర్లాడుకుంటుంటే మిగతావాళ్ళకి కన్ను కుట్టింది. వారం తిరిగేసరికి ఆ సైగలన్నీ అందరికీ వచ్చేశాయి. తెలుపు పంపు, జాగ్రత్త, రెండు అరచేతులూ తెరిచి కిందికి జారిస్తే 'వదిలెయ్'. 'చూసుకో, చూసుకో' అని నలభై ఏళ్ళు అరిచి గొంతు పోగొట్టుకున్న ముసలాయన, ఇంత సులువా అని నోరు వెళ్ళబెట్టి, తనూ నేర్చుకున్నాడు.

ఇవాళ సెలవు. పరంజా దిగుతుంటే చూద్దామని పిల్లలు పొద్దున్నే రోడ్డవతల చేరారు. పై మూడు వరసలు దిగాయో లేదో, పిచ్చుక చతికిలబడిపోయింది. పిట్టంత ఉంటుందని ఆ పిల్లని అందరూ అలాగే పిలుస్తారు. వాళ్ళమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. తడిబట్ట పిండుతున్న ఆ చేతుల్ని పిచ్చుక రెండంతస్తుల మేర గీసింది. ఇప్పుడా మోచేతి కిందుగా ఏటవాలుగా ఒక తెల్లటి పట్టీ. రోజూ అదే వేళకి వెదురునీడ అక్కడే పడేది. నీడలో రంగు నల్లగా కనిపిస్తే కాస్త తెలుపు కలిపింది, రోజూ కలిపింది. నీడ పోయింది, తెలుపు మిగిలింది. మధ్యాహ్నం డ్యూటీ దిగి అమ్మ చూడ్డానికొస్తుంది.

పిల్ల నిచ్చెనెక్కి వచ్చింది. "తాతా, మళ్ళీ కట్టవా? ఒక్క గంట."

కిందనుంచి మేస్త్రి వినేశాడు. "బాబాయ్, నాలుగింటికి లారీ. వాళ్ళు తానా అంటే నువ్వు తందానా అంటే మనం ఇక్కడే కాపురం పెట్టాలి."

"నువ్వు ముందు ఆ బొంగులందించరా" అన్నాడు ముసలాయన. తర్వాత పిల్లతో, "కడతాను గానీ, దూరంనుంచి సరిగ్గా చూశావా? దగ్గర్నుంచి చూస్తే గోడంతా మచ్చలే."

"నువ్వు చూశావేంటి?"

ఆయన నిచ్చెన దిగాడు. పిల్ల ఆయన్ని చెయ్యిపట్టుకుని రోడ్డు దాటించింది.

నలభై ఏళ్ళలో తన గోడని ఎదురుగా నిలబడి చూడటం అదే మొదలు. సూదిలో దారం ఎక్కిస్తున్న వేళ్ళు, స్టీరింగు పట్టుకున్న పిడికిళ్ళు, మాట్లాడుతున్న అరచేతులు, ఒక్కొక్కటీ ఒక్కో గదంత. ముసలాయనకి తల తిరిగినట్టయింది. ఆ తెల్లపట్టీనీ చూశాడు. మధ్యలో చిన్న వంకర, రెండు కణుపుల దగ్గర ఉబ్బు. అది తన బొంగే! చెరపాలంటే ప్రాణం ఒప్పలేదు. వెళ్ళి రెండు బొంగులు మళ్ళీ బిగించాడు.

పిచ్చుక బ్రష్షు తెచ్చుకునేలోపే వాళ్ళమ్మ వచ్చింది, చీరంచు ఇంకా తడిగానే ఉంది. చాలాసేపు తలెత్తి చూసింది.

"నా చెయ్యి కింద ఆ కర్రేంటే?"

పిల్ల బ్రష్షు కోసం పరుగెత్తబోయింది.

"ఉండనీ. ఇన్నేళ్ళకి చెయ్యి ఆనించుకోవడానికి నాకో కర్ర ఇచ్చింది నువ్వే."

ఎత్తున ఉన్న ముసలాయనకి ఆ మాటలు వినపడలేదు. రోడ్డవతల పిచ్చుక రెండు అరచేతులూ తెరిచి కిందికి జార్చడం మాత్రం కనపడింది. వదిలెయ్. ఆయన బొంగుని అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

పిల్ల పైకొచ్చి, కర్రన్నాక ముడి ఉండాలిగా, నీ ముడి ఎలా వేస్తావో చూపించు అంది. జానెడు వెదురుముక్కకి తాడు చుట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని ఎదురుగా పెట్టుకుని, పట్టీ చివర అచ్చం అలాగే గీసింది.

నాలుగున్నరకి లారీ కదిలింది. అలవాటు ప్రకారం ముసలాయన బొంగుల మోపు మీద వెల్లకిలా పడుకున్నాడు. రేపు మనవరాలిని తీసుకురావాలి అనుకున్నాడు. మలుపు తిరిగేదాకా గోడ కనిపిస్తూనే ఉంది. బొంగులు దించే షెడ్డు దగ్గర లారీ ఆపి మేస్త్రి "బాబాయ్, బాబాయ్" అని రెండుసార్లు పిలిచాడు. తర్వాత తనే మెల్లగా పైకెక్కి, తలగుడ్డ విప్పి ఆయన ముఖం మీద కప్పాడు.

లైబ్రరీ కిటికీ గట్టు మీద, కడిగి ఆరబెట్టిన బ్రష్షుల పక్కన, జానెడు వెదురుముక్క ఉంది. రెండు చుట్లు, ఒక మెలిక, లోపలికి దోపిన కొస. ఇప్పటిదాకా ఎవరి బొటనవేలికీ వదులు కాలేదు.