మా సందు శాతం పెరిగింది

కండక్టరు ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సంతా తనే అయి వాగిన మనిషి. రిటైరయ్యాక, భార్య కూడా పోయాక, ఆ నోటికి పని లేకుండా పోయింది. మంగళవారం మాత్రం పొడిచెత్త బండి మీద ఓ అమ్మాయి వచ్చేది. సంచీ అందుకుంటూ "తిన్నారా బాబాయ్?" అనేది. వారం మొత్తమ్మీద ఆయన్ని ఆ మాట అడిగేది ఆ పిల్లొక్కతే. దానికోసం పొద్దున్నే గడ్డం గీసుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు గుమ్మంలో కూర్చునేవాడు.

ఓ వారం ఆ పిల్ల నిట్టూర్చింది. "బండి పెట్టిన కొత్తలో మీ సందువాళ్ళు చెత్తలో నూటికి నలభై పాళ్ళు వేరుచేసి ఇచ్చేవాళ్ళు. ఏటికేడాది తగ్గుతూ పదిహేనుకొచ్చింది. ఆఫీసులో ఇదే మాట బాబాయ్."

ఆయనకి తెలిసిన లోకం బస్సు డిపోనే కదా, పాపం. అక్కడ కలెక్షన్ పడిపోయిన రూటు రద్దు చేసేస్తారు. బండి కూడా రద్దే అనుకున్నాడు. ఎవర్నైనా అడగొచ్చుగా? అడగడు. రిటైరైనవాళ్ళకిచ్చే పాసు జేబులో వేసుకుని, తను తిరిగిన రూట్లోనే లాస్ట్ స్టాపుకి వెళ్ళాడు. అక్కడి కాలనీలో గుమ్మాల ముందు పెట్టిన సీసాలూ పేపర్లూ సంచుల్లో కుక్కి తెచ్చి తమ సందు పొడిచెత్తలో కలిపాడు. అదే పనిగా నెలల తరబడి మోశాడు. నడుం పట్టేసినా మానలేదు.

ఓ మంగళవారం ఆ పిల్ల నవ్వుతూ వచ్చింది. "మీ సందు మళ్ళీ నలభై దాటింది బాబాయ్! మీకు అలవాటైపోయింది, ఇంక బండి అక్కర్లేదు, మలుపులో డబ్బా పెడితే చాలన్నారు. లాస్ట్ స్టాపు కాలనీ మరీ పడిపోయిందట. నన్నక్కడికి వేశారు."

ఆయన గుమ్మంలోంచి లేచాడు. "అది పడిపోలేదమ్మా. నేనే పడగొట్టాను. అక్కడి సీసాలు మోసుకొచ్చింది నేనే."

"ఎందుకు బాబాయ్?"

"నువ్వు రావడం మానేస్తావని భయమేసింది."

ఆ పిల్ల అందుకున్న సంచీ కింద పెట్టేసింది. "ఒక్క మాట అనుంటే ఆదివారాలు ఊరికే వచ్చి కూర్చునేదాన్ని కదా. మేముండేది మీ వెనక సందులోనే. ఇప్పుడు డ్యూటీకి దగ్గరని నిన్ననే ఆ కాలనీలో ఇల్లు మాట్లాడుకున్నాం" అంది.

ఆయన "మంచిదమ్మా" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల అడిగితే తన గోడు చెప్పుకున్నాడే గానీ, నువ్వెక్కడుంటావమ్మా అని ఒక్కసారీ అడగలేదు.