గోడమీది పటంలో మా ఇల్లు

“టీలో అల్లం ఎక్కువైనాది” అన్నాడు స్టాన్లీ, గోడమీది జిల్లా పటం నుంచి కళ్ళు తిప్పకుండానే. నా ముక్కు దిబ్బడ వేసి ఏ వాసనా తెలియడం లేదు. అందుకే అల్లం ఎంత దంచానో చూసుకోలేదు.

నా భర్త హెల్త్ సూపర్‌వైజర్. స్వైన్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి మా హాలే ఆయన ఆఫీసు. జ్వరం ఏ ఊరికి పాకితే ఆ ఊరి మీద ఎర్రచుక్క పెడతాడు. రోగులకు తనే ఫోన్ చేస్తాడు. “జొరం తగ్గినాదా అమ్మా? నువ్వు లేవకమ్మా, ఇంట్లోవాళ్ళు సూసుకుంటారు.” అంత మెత్తటి గొంతు ఆయనకుందని, గిన్నెలు తోముతూ వింటుంటేనే నాకు తెలిసింది.

క్రితం వారం మా ఇంట్లో గృహప్రార్థన. పొద్దున్నే ఒళ్ళు కాలిపోతోందని మా అత్త లీలారాణికి చెప్పాను. “పాస్టరయ్యగారొస్తంటే జొరమంతావేటే? మాత్రేసుకో” అంది. స్టాన్లీ వాచీ పెట్టుకుంటూ “వేసుకున్నావు కదా” అన్నాడు. వేసుకున్నాను. కోడికూర వండి, వడ్డించి, చివర్న గుమ్మం దగ్గర నిలబడ్డాను. మా సంఘంలో అది ఇంటావిడ పని. వెళ్ళే ప్రతి ఒక్కరికీ చెయ్యి కలిపి వందనాలు చెప్పాలి. భోగాపురం సంఘంవాళ్ళకూ చెప్పాను.

ఇప్పుడు భోగాపురంలో జ్వరాలు. మా గరివిడి నుంచి అక్కడికెలా వెళ్ళిందో ఆయనకు అంతు పట్టడం లేదు.

“ఇంకెవలు? మన ఈదిలో గున్నమ్మ. రోజూ భోగాపురం ఎయిర్‌పోర్టు పన్లోకే కదా ఎల్తాది!” అంది అత్త.

“అయ్యుంటాది. రేపట్నుంచి దాన్ని పనికెళ్ళనివ్వకూడదు” అన్నాడాయన.

గున్నమ్మకు దగ్గు కూడా లేదు. పనికి వెళ్ళని రోజున ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ మాట ఇక్కడ చెబితే, నీకేం తెలుసంటారు. అందుకని పెరట్లోకి వెళ్ళి, ఆయన ఊళ్ళవాళ్ళకు ఇచ్చిన ఆఫీసు నంబరుకే ఫోన్ చేశాను. బొంగురుపోయిన నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“సెప్పమ్మా. జొరం ఎప్పట్నుంచి?”

ఆ ప్రశ్నకు నా కళ్ళు తడిశాయి. పెళ్ళయ్యాక నన్ను ఎవరూ అది అడగలేదు.

“గృహప్రార్థన నాటి నుంచి.”

“ఎవరినైనా తాకినారా?”

“గుమ్మంలో అందరికీ చెయ్యిచ్చాను. భోగాపురం వాళ్ళకు కూడా.”

తర్వాత చాలా నెమ్మదిగా, “ఇల్లెక్కడమ్మా?”

“మీరు కూర్చున్నదే.”

పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. వెనక నుంచి అత్త, “ఎవల్రా?” అంది.

“ప్రిస్కిల్లా” అన్నాడు నన్నే చూస్తూ. “గున్నమ్మ కాదమ్మా.”

“పేషెంట్లకు ఏం చెబుతారో నాకూ అదే చెప్పండి” అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. “గదిలో పడుకో. లేవకు.”

తలుపు వేసుకుని పడుకున్నాను. దిండు చల్లగా ఉంది. హాల్లో పటం మీద పెన్ను గీసిన చప్పుడు వినిపించింది. మా ఇంటికీ ఒక చుక్క పడింది. ఒళ్ళు ఇంకా కాలుతూనే ఉంది, అయినా గుండె మీద నుంచి బరువేదో దిగిపోయింది. ఇంతలో తలుపు మీద చిన్నగా తట్టాడు.

“గంజిలోకి ఉప్పు ఎక్కడున్నాది?”

“వెతకండి. మీ పని అదే కదా” అని దుప్పటి కప్పుకున్నాను.