పిలిస్తే పలికే పేరు

నిధుల కమిటీ వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ డాక్టరమ్మకి కాలూ చెయ్యీ ఆడటం లేదు. కుంటికుక్కల నొప్పి మీద పరిశోధన ఆవిడది. ఈసారి కూడా నిధులిస్తే సరే, లేదంటే పరిశోధన గదికి తాళమే. వైద్యం సగంలో ఉన్న కుక్కలన్నీ మళ్ళీ రోడ్డున పడతాయి.

"మనుషులకే మందుల్లేక చస్తుంటే కుక్కలకి పరిశోధనేమిటే?" అని ఇంట్లో అత్తగారు రోజూ దులిపేస్తుంటుంది. కమిటీ పెద్దాయన గుమ్మంలో కాలు పెడుతూనే, పొల్లుపోకుండా అదే అడిగాడు. డాక్టరమ్మ తడుముకోలేదు. ఇంట్లో అంత సాధన అయ్యాక ఇంకా తడుముకుంటుందా!

"నొప్పి ఉంటే మనుషులు చెప్పుకుంటారు సార్. కుక్క దాచుకుంటుంది. అందుకే ఈ చాప" అంటూ నేల మీద పొడుగ్గా పరిచిన రబ్బరు చాప చూపించింది. దాని మీద కుక్క నడిస్తే, ఏ కాలి మీద ఎంత బరువు మోపిందో గోడ మీది తెర చెప్పేస్తుంది. నొప్పి కాలు అయితే సరిగా మోపదు, తెర మీద దాని మచ్చ పలచగా పడుతుంది.

"కాగితాల మీద ఎవరైనా ఎన్నైనా రాస్తారమ్మా. నడిపించి చూపించు" అన్నాడు పెద్దాయన, కుర్చీలో కూర్చుంటూ.

నడవాల్సిన మహానుభావుడేమో చాపకి అటు చివర, ఫ్యాను కింద, లోకంతో పనిలేనట్టు పడుకుని ఉన్నాడు. కారు గుద్ది తుంటి విరిగితే ఇక్కడే నయమైన వీధికుక్క. చేర్చుకున్నప్పుడు రికార్డులో రాసిన పేరు రాజా.

అసలు తంటా ఆ పేరుతోనే. రాజా అంటే ఎవరో దానికి తెలీదు. పుట్టినప్పట్నుంచీ ఏ కొట్టు ముందు నిలబడినా, ఏ గేటులో తొంగిచూసినా వినబడిన మాట ఒక్కటే. అదే తన పేరనుకుంది పాపం! గదిలో వాళ్ళందరూ దాన్ని అలాగే పిలుస్తారు, తోకాడించుకుంటూ వస్తుంది. కానీ పెద్దమనుషులు ఎదురుగా ఉండగా ఆ మాట ఎలా అనడం?

"రాజా! రా నాన్నా, రా!"

చెవి కూడా కదల్లేదు. డాక్టరమ్మ బిస్కెట్టు చూపించింది. కుక్కగారు ఆవులించారు.

పెద్దాయన గడియారం చూసుకుని లేచాడు. "లేవలేని కుక్కని చూపించి నయమైందంటే ఎలాగమ్మా? నిధుల సంగతి ఇంక..."

డాక్టరమ్మ ఇంక ఆగలేదు. మర్యాద గాలికొదిలేసి గొంతు చించుకుని అరిచింది.

"ఛీ! పో!"

గదిలో అందరూ బిగుసుకుపోయారు. పెద్దాయన మొహం కందగడ్డయింది. "ఎవర్నీ? నన్నా?"

ఆవిడ నోరు తెరిచేలోపే కుక్క చెవులు నిక్కబొడుచుకుని లేచింది. చాప మీదుగా ఒకటే పరుగు! తనమీదికే వస్తోందనుకుని పెద్దాయన హడలిపోయి, చేతులు అడ్డం పెట్టుకుని, "ఛీ! పో! ఛీఛీ, పోపో!" అన్నాడు.

ఇంకేముంది! అంత ప్రేమగా దాన్నెవరూ ఎప్పుడూ పిలిచి ఉండరు. డాక్టరమ్మని వదిలేసి సరాసరి ఆయన దగ్గరికే దూకి, మోకాళ్ళ మీద ముందుకాళ్ళు వేసి, మొహంలోకి చూస్తూ తోక ఊపింది. వెనక తెర మీద నాలుగు కాళ్ళ మచ్చలూ సమానంగా, చిక్కగా వెలుగుతున్నాయి. అది చూసేవాడెవడూ లేడు.

"పొమ్మంటే మీదికొస్తుందేమిటమ్మా ఇది?"

"ఆ మాటే తన పేరనుకుంటాడు సార్" అంది డాక్టరమ్మ. "పుట్టాక వాణ్ణి అందరూ పిలిచింది అలాగే."

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. కుక్క ఆయన బూటు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. పెద్దాయన తెర మీది నాలుగు మచ్చలూ చూసి, కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు.

"మరి దీన్ని నిజంగా పొమ్మనాలంటే ఏమంటారు?"

"తెలీదు సార్. ఇంతవరకూ ఎవరం అనలేదు."

ఆయన కలం తీశాడు. కాలు కదిలితే దానికెక్కడ మెలకువొస్తుందోనని, నడుము మాత్రం బల్ల మీదికి వంచి, వంకరగా కూర్చునే సంతకం పెట్టాడు.