వెనక సీటుకి బ్రేకు లేదు

టీచరమ్మ కుడికాలు ఆవిడ మాట వినదని ఆవిడ మొగుడు పెళ్లైన కొత్తలోనే కనిపెట్టాడు. బస్సులో వెళ్తున్నా, ట్యాక్సీలో వెళ్తున్నా, సోఫాలో కూర్చుని టీవీలో కార్ల పందెం చూస్తున్నా, ఆ కాలు దాని మానాన అది నేలని నొక్కుతూనే ఉంటుంది. డ్రైవింగ్ స్కూల్ నడిపే మనిషి మరి. శిష్యుల పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని, ఊళ్లో జనాన్ని ఇన్నేళ్లుగా కాపాడుకుంటూ వస్తోంది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఊరినిండా ఉన్నారు. అందరూ పాసయ్యారు, సొంత ఆడపడుచు తప్ప.

ఆ ఆడపడుచుని ఇంట్లో బుల్లి అంటారు. పేరుకే బుల్లి, గుమ్మం దాటాలంటే తల వంచుకోవాల్సినంత పొడుగు. పశువుల డాక్టరు. కొండల్లోని పల్లెలకి ఉద్యోగం వచ్చింది. జీపిస్తామన్నారు, ముందు లైసెన్సు తెచ్చుకోమన్నారు. పరీక్షకి వెళ్లిన ప్రతిసారీ ఒకటే తప్పు: ఆగాల్సిన గీత దగ్గర ఆగకుండా కారుని గీత దాటించేసేది. సోమవారం ఆఖరి అవకాశం. అదీ పోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

పరీక్షకి పంపాలంటే టీచరమ్మ సరేననాలి. ఆ ఒక్క మాట ఆవిడ నోట్లోంచి రావడం లేదు. జీపు, కొండదారి, మలుపులు, ఆగడం రాని పిల్ల.

"ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటుంది. దానికేమన్నా అయితే నేను బతగ్గలనా?" అంది మొగుడితో.

"దానికి చెప్పు ఆ మాట," అన్నాడాయన.

"నువ్వే చెప్పు, నీ చెల్లెలేగా!"

చివరికి ఇద్దరూ చెప్పలేదు.

అన్నాచెల్లెళ్లకి ఓ పిచ్చి ఉంది. ఆదివారం వస్తే ఇద్దరు తొక్కే సైకిలొకటి కారు మీద కట్టుకుని, అడవి దాకా వెళ్లి, అక్కణ్నుంచి కంకర దారులెంట కొండలూ గుట్టలూ పట్టుకు తిరుగుతారు. ముందు బుల్లి, వెనక అన్నయ్య. ఆ ఆదివారం అన్నయ్యకి నడుం పట్టేసింది. మంచం మీద నుంచే చేతులెత్తేసి, "మీ వదిన్ని తీసుకెళ్లవే, ఎప్పుడూ రాలేదుగా," అన్నాడు. దార్లో మెల్లిగా చెప్పెయ్యొచ్చని టీచరమ్మ కూడా ఒప్పుకుంది.

రెండు బ్రేకులున్న స్కూలు కారుని టీచరమ్మే నడిపింది. అడవి మొదట్లో అడ్డంగా ఇనప గేటు, మోటారు బళ్లు లోపలికి రాకూడదని బోర్డు. సైకిల్ని పక్క సందులోంచి తోసుకుని లోపలికెళ్లారు. హారన్ లేదు, పొగ లేదు, ఎదురొచ్చే లారీ లేదు. ఎర్రమట్టిలో కలిసిపోయిన సన్నకంకర దారి చెట్ల మధ్యనుంచి పైకి పోయి, గుట్ట మీద కాసేపు కనబడి, మళ్లీ కిందికి జారిపోతోంది. దారి చూసి టీచరమ్మ ముచ్చటపడింది. తరవాత తన సీటు చూసుకుని నీరుగారిపోయింది.

"బుల్లీ, నా బ్రేకేదే?"

"వెనకుండదు వదినా. బ్రేకూ హ్యాండిలూ నా దగ్గరే. నువ్వు ఊరికే తొక్కు."

ఇనప కడ్డీ ఒకటి పట్టుకోవడానికిచ్చారు, అంతే. అది కదలదు, తిరగదు. టీచరమ్మ జీవితంలో మొదటిసారి వాహనం మీద ఏ అధికారం లేకుండా కూర్చుంది.

ఎక్కుడులో బాగానే సాగింది. చక్రాల కింద రాళ్లు పటపటమంటున్నాయి. ముందు బుల్లి వీపు తప్ప ఏమీ కనపడదు గనక టీచరమ్మ పక్కలకి చూస్తూ, ఆయాసపడుతూ, తనకి తెలీకుండానే నవ్వుతూ తొక్కింది. గుట్ట మీదకి రాగానే దిగుడు. సైకిల్ వేగం అందుకుంది.

టీచరమ్మ కుడికాలు బిగుసుకుంది.

ఆ సైకిల్లో రెండు జతల పెడళ్లూ గొలుసుతో ముడిపడి ఉంటాయి. ఒకరు బిగిస్తే ఇద్దరి కాళ్లూ ఆగిపోతాయి. బుల్లి కాళ్లు ఉన్నట్టుండి ఆగాయి, సైకిల్ ఊగింది. మళ్లీ తొక్కబోయింది, మళ్లీ బిగిసింది. చిన్న మలుపులో మూడోసారి. దెబ్బకి ఇద్దరూ సైకిల్తో సహా దారి పక్క గడ్డి పొదలో వెల్లకిలా పడ్డారు.

"ఏం చేశావు వదినా?" జుట్టులోంచి ఆకులు తీసుకుంటూ బుల్లి అడిగింది.

"నేనేం చేశానే? చేతులు కట్టుకు కూర్చున్నట్టు కూర్చున్నాను!"

"చేతుల సంగతి కాదు. బ్రేకు తొక్కుతున్నావు. లేని బ్రేకు!"

టీచరమ్మ తన కాలి వంక చూసుకుంది. గడ్డిలో పడుకుని కూడా అది గాలిని నొక్కుతోంది. ఇద్దరికీ నవ్వాగలేదు. బుల్లి పొట్ట పట్టుకుని దొర్లింది.

"కార్లోనూ ఇంతే," అంది కాసేపటికి, కళ్లు తుడుచుకుంటూ. "నేను బ్రేకు మీద కాలు ఆనించీ ఆనించకముందే బండి ఆగిపోతుంది. మొదట్లో నేనే ఆపాననుకుని మురిసిపోయేదాన్ని."

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది.

పరాయి పిల్లలు తప్పు చేస్తారేమోనని చూసి, అప్పుడు తొక్కేది. ఈ పిల్ల దగ్గర అంత ఓపిక పట్టలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ముందే తొక్కేసేది. పరీక్ష రోజు పక్కన తను ఉండదు. కారు దానంతటది ఆగుతుందేమోనని చూసి, ఆగకపోతే అప్పుడు తొక్కేది బుల్లి. అప్పటికి గీత దాటిపోయేది. ఆగడం రాని పిల్ల కాదు, ఎప్పుడూ ఆపనివ్వని పిల్ల.

"మరి ఇన్నాళ్లూ చెప్పవేమే?"

"టీచరుకైతే చెప్పుదును, వదినకైతే చెప్పుదును. ఇద్దరూ ఒకే మనిషైతే ఎవరికని చెప్పను? పైగా నాకేమన్నా అవుతుందన్న భయంతోనే కదా తొక్కేది. కోపం రాలేదు నాకు."

కోపం వచ్చినా బాగుండేది. టీచరమ్మకి సిగ్గేసింది, ఆ సిగ్గు కన్నా ఎక్కువగా ఆ పిల్ల మీద ప్రేమ పొంగుకొచ్చింది. బుల్లి భుజం మీది మట్టి అవసరానికి మించి దులిపింది.

మళ్లీ ఎక్కారు. "దిగుడులో ఇద్దరం తొక్కొద్దు వదినా. పెడళ్ల మీద కాళ్లు ఊరికే ఉంచు. పాట పాడుకో కావాలంటే."

"నేను పాడితే అడవిలో జంతువులకి నువ్వే వైద్యం చెయ్యాలి!"

అయినా పాడింది. దారి కిందికి, మళ్లీ పైకి, మళ్లీ కిందికి మెలికలు పోయింది. చల్లగాలి మొహానికి కొడుతోంది. చెట్ల సందుల్లోంచి దూరపు గుట్టలు ఒకదాని వెనక ఒకటి కనిపించి మాయమవుతున్నాయి. రెండో చరణంలో మాటలు మరిచిపోయి గుర్తు చేసుకుంటుంటే, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నట్టు తోచింది.

"అదేంటే, ఆగామా?"

"ఎప్పుడో! అటు చూడు."

ముందు దారికడ్డంగా పెద్ద చెట్టు కూలి ఉంది. దానికీ చక్రానికీ మధ్య ఓ మనిషి హాయిగా పడుకునేంత జాగా. కుదుపు లేదు, జారడం లేదు. టీచరమ్మ గబుక్కున కాలివైపు చూసుకుంది. అది ఏమీ నొక్కలేదు. దానికి కబురే అందలేదు.

తిరిగి గేటు దగ్గరికొచ్చి సైకిల్ని కారు మీద కట్టారు. బుల్లి అలవాటుగా ఎడంవైపు తలుపు తీయబోతే టీచరమ్మ తాళాలు విసిరింది.

"ఎక్కడికి?" బిక్కమొహం వేసింది బుల్లి.

"ఊళ్లోకి. బజారు మీదుగా."

"ఆదివారం బజారా! వదినా, అడవిలో వేరు. అక్కడ జనం, బళ్లూ..."

"తెలుసు."

బుల్లి ఇంజన్ స్టార్ట్ చేసి పక్కకి చూసింది. టీచరమ్మ చెప్పులు విప్పేసింది. రెండు కాళ్లూ పైకి తీసి సీటు మీద బాసింపట్టు వేసుకుంది. ఆ బరువైన మోకాళ్లని అక్కణ్నుంచి విడదీసి బ్రేకు దాకా దింపాలంటే ఇంకొకరి సాయం కావాలి.

బుల్లి కాసేపు ఆ కాళ్లనే చూసింది. తరవాత గేరు వేసింది.

బజారు వచ్చింది. కూరగాయల బళ్లు, స్కూటర్లు, ఫోన్లో తల దూర్చి నడిచేవాళ్లు. టీచరమ్మ పైప్రాణాలు పైనే పోతున్నాయి. చీరకుచ్చిళ్లు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. ఎదురుగా తెల్లగీత. కడుపులోంచి "తొక్కవే" అన్న కేక గొంతు దాకా వచ్చింది. పళ్లు బిగబట్టి దాన్ని మింగేసింది.

కారు మెత్తగా ఆగింది. గీత ఇంకా ముందు, అద్దంలోంచి శుభ్రంగా కనబడుతోంది.

బుల్లి ఇంకా బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు.

"వదినా," అంది నమ్మకం కుదరని గొంతుతో, "నువ్వు తొక్కలేదు కదా?"

"దేంతో తొక్కనే, కాళ్లు రెండూ తిమ్మిరెక్కి చచ్చాయి," అంది టీచరమ్మ. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు. "రేపు పొద్దున్నే లేచి తయారవ్వు. పరీక్షకి వెళ్తున్నావు."