ఒళ్లో వాయిద్యం

నేను ఒక హవాయి గిటారును. మెడలో తగిలించుకుని గెంతే రకాన్ని కాను. నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ కుడిచేత్తో మీటాలి. కలకత్తాలో ఒక ముసలి వడ్రంగి నన్ను చేశాడు. ఆయన పనిమంతుడు. ఆ తర్వాత నా మీద చెయ్యి వేసినవాళ్ల గురించి అంత మర్యాదగా చెప్పలేను.

మొదట కొన్నవాడు వాల్తేరు రైల్వే గుమాస్తా జోగారావు. రెండే రెండు సినిమా పాటలు నేర్చుకున్నాడు, అవీ సగం సగం. పెళ్లిచూపులకు నన్ను వెంటబెట్టుకు వెళ్లాడు. పెళ్లయ్యాక గోడకు తగిలించాడు. పదకొండేళ్లు నా మెడ మీద తడి తువ్వాలు ఆరింది. ఇంటికొచ్చినవాళ్లతో మాత్రం "సంగీతం లేకపోతే బతకలేనండీ" అనేవాడు. చివరికి విజయనగరం అప్పలస్వామికి నన్నిచ్చి, బదులుగా ఒక మడతమంచం పుచ్చుకున్నాడు.

అప్పలస్వామి హరికథలకు ఫిడేలు వాయించేవాడు. పిండిమర బెల్టులో పడి ఎడమచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఇక ఫిడేలు తీగ నొక్కలేడు. తండ్రి నేర్పిన పాట వరసలు ఏ కాగితం మీదా లేవు, ఆ చేతిలోనే ఉన్నాయి. కడ్డీ అయితే పట్టుకోగలడు కదా అని నన్ను తెచ్చుకున్నాడు.

వెర్రివాడు అనుకున్నాను. ఫిడేలుకు కమాను ఉంది, గీసినంతసేపూ స్వరం నిలుస్తుంది. నా స్వరం మీటగానే పుట్టి, కాసేపటికే పోతుంది. అతను ఏడాదిన్నర నాతో కుస్తీ పట్టాడు. స్వరం పోయేలోపే కడ్డీని జార్చి తర్వాతి స్వరంలో కలపడం కనిపెట్టాడు. ఫిడేలు పాట నాలోంచి వచ్చిన రోజు నాకే సిగ్గేసింది.

గజపతినగరంలో కథకు ఫిడేలు మనిషి జ్వరంతో రాలేదు. హరికథ చెప్పే దాసుగారు కూర్మాచారి గత్యంతరం లేక తన పాత ఫిడేలు మనిషి అప్పలస్వామిని పిలిచాడు. పందిట్లో నన్ను చూసి, "నాయనలారా, మావాడు ఇవాళ ఇస్త్రీపెట్టె తెచ్చాడు!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. ఎప్పుడు నవ్వాలో ఒకడు చెప్తే తప్ప ఈ జనానికి తెలియదు.

తప్పిపోయిన కొడుకును తల్లి పిలిచే ఘట్టం వచ్చింది. దాసు పాడి ఆపాడు. అప్పలస్వామి తండ్రి వరస అందుకున్నాడు. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దాసు తర్వాతి పద్యం మరిచిపోయి నిలబడ్డాడు.

కథ ముగిశాక పెద్దలు శాలువా తెస్తే, దాసు దాన్ని తన భుజం మీదే వేసుకున్నాడు. "ఆ వరస నాదేనండీ. నెల్లాళ్లు దగ్గరుండి నేర్పాను వీడికి."

ముప్పై ఏళ్లుగా అతని ముందు తలెత్తని అప్పలస్వామి లేచాడు. "అబద్దమాడకండి దాసుగోరూ. అది మా అయ్య వరస. నన్నెంత నవ్వులపాలు సేసినా ఊరుకున్నాను. మా అయ్యని దోసుకుపోతే ఊరుకోను."

"రేపట్నించి నీకు కథ ఎవడిస్తాడ్రా?"

"ఇయ్యకండి."

నిజంగానే ఎవరూ ఇవ్వలేదు. ఆరేళ్లపాటు మధ్యాహ్నాలు తన అరుగు మీదే వాయించుకున్నాడు. "ఆ గోల ఆపు నాన్నా, టీవీ ఇనబడ్డంలేదు" అనేవాడు కొడుకు రమణ. ఎదుటి కొట్లో దర్జీ మీరాసాహెబు మాత్రం వరస మొదలవగానే మిషను తొక్కడం ఆపేసేవాడు.

అప్పలస్వామి పోయిన పదకొండోరోజే రమణ పాతసామాన్లవాణ్ని పిలిచాడు. మీరాసాహెబు గబగబా రోడ్డు దాటి వచ్చాడు.

"ఆడికెందుకు బాబూ, నాకియ్యి. నీకు రెండు పేంట్లు ఊరికే కుట్టిస్తాను."

సాహెబు మనసు మార్చుకుంటాడేమోనని రమణ వెంటనే నన్ను చేతిలో పెట్టేశాడు.

ఇప్పుడు దర్జీ కొట్లో ఉన్నాను. పని లేని మధ్యాహ్నం సాహెబు నన్ను ఒళ్లో పెట్టుకుని ఒక్క తీగ మీటుతాడు. ఆ ధ్వని పూర్తిగా పోయేదాకా వింటాడు. ఇంకోసారి మీటడు. తన చేతికి రాదని తెలిసి ఊరుకునే మనిషిని ఇన్నేళ్లలో చూడటం ఇదే మొదలు. నన్ను మెల్లగా గుడ్డలు కత్తిరించే చెక్క మీద పెట్టి, వెళ్లి మిషను తొక్కుకుంటాడు.